బల్ల మీద కూర్చున్నవాళ్ళు

మా అత్తయ్య గారు పోయారన్న కబురు నాకు బస్సులో తెలిసింది. రాజమండ్రిలో మా ల్యాబుకి కావలసిన రక్తపరీక్ష కిట్లు కొనుక్కుని వస్తున్నాను. జొన్నాడ దాటి బస్సు వంతెన ఎక్కుతుండగా మా ఆయన ఫోను చేశారు. "భోంచేసి పడుకుంది. టీకి లేపుదామని వెళ్తే లేవలేదు," అన్నారు. ఒళ్ళో ఐసు వేసిన కిట్ల పెట్టె ఉంది. రాజోలు దాకా దాన్ని రెండు చేతులా పట్టుకుని ఏడుస్తూనే ఉన్నాను. ఇంటికి చేరాక మాత్రం ముందు ల్యాబు తలుపు తీసి, కిట్లు ఫ్రిజ్‌లో సర్ది, ఆ తరవాతే ఆవిడ దగ్గరికి వెళ్ళాను. ఇదేం కోడలని బంధువులు అనుకునే ఉంటారు. కిట్లు ఎండలో వదిలేసి వచ్చి కాళ్ళ మీద పడి ఏడిస్తే, ఆవిడ లేచి కూర్చుని మరీ తిట్టేవారు.

మాది ఇంటి ముందు గదిలోనే పెట్టుకున్న చిన్న ల్యాబు. పక్కనే డాక్టరు గారి క్లినిక్కు. ఆయన చీటీ రాస్తే జనం మా దగ్గరికి వస్తారు. అత్తయ్య గారు డిప్లొమా చదివి, పెళ్ళయిన కొత్తలోనే ఆ గదిలో మైక్రోస్కోపు పెట్టుకున్నారట. నేను ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ చదివి, చదువుకి రెండింతలు గర్వం వెంటేసుకుని ఆ ఇంటికి కోడలిగా వచ్చాను.

ఆవిడకో అలవాటుండేది. పొద్దున్నే ల్యాబు తెరిచే ముందు, తెల్లకోటు వేసుకోకుండా, వసారాలో రోగులు కూర్చునే చెక్కబల్ల మీద వాళ్ళ మధ్య సర్దుకుని ఓ పావుగంట కూర్చునేవారు. "ఎన్నో రోజమ్మా జొరం?" అని ఒకర్నీ, "మాత్రలేవైనా వేసుకున్నావా నాయనా?" అని ఇంకొకర్నీ అడిగేవారు. కొత్తపేటలో ఒక పెళ్ళిలో, తాంబూలం ఇస్తున్న పెద్దావిడ చెయ్యి వెచ్చగా తగిలిందని ఆ చెయ్యి వదలకుండా ఇదే ప్రశ్న అడిగారు. నేను సిగ్గుతో చచ్చిపోయాను. ఇదంతా ఆవిడ కబుర్ల పిచ్చే అనుకునేదాన్ని.

కొన్నాళ్ళకి టైఫాయిడుకి కొత్త కిట్టొకటి వచ్చింది. ఒక్క చుక్క రక్తం వేస్తే, టైఫాయిడుంటే పావుగంటలో గీత పడుతుంది. అప్పటిదాకా మేం అనుమానం ఉన్నవాళ్ళ రక్తం సీసాలో తీసి కాకినాడకి కల్చరుకి పంపేవాళ్ళం. క్రిమి పెరిగిందో లేదో తెలియడానికి రోజులు పట్టేది. కిట్టు సంగతి నేనే తేలుస్తానని బయల్దేరాను. నాతో చదువుకున్న అమ్మాయి పనిచేసే పెద్దాసుపత్రికి వెళ్ళి, పది రోజుల పైబడి టైఫాయిడుతో మంచం పట్టినవాళ్ళ రక్తం పరీక్షించాను. పోల్చుకోవడానికి అక్కడే నర్సింగు చదువుతున్న ఆడపిల్లల రక్తం తీసుకున్నాను. మంచం పట్టినవాళ్ళందరికీ గీత పడింది. ఆడపిల్లల్లో ఒక్కరికీ పడలేదు. నా ఆనందం అంతా ఇంతా కాదు.

"అయితే ఇక కాకినాడ పంపక్కర్లేదంటావా అమ్మా?" అని అడిగారు డాక్టరు గారు.

"అక్కర్లేదండీ," అన్నాను ధీమాగా.

ఆ సాయంత్రం అత్తయ్య గారికి నా కాగితం చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని నిదానంగా చదివారు.

"మంచం మీదున్నోళ్ళని చూసేవు. నవ్వుకుంటా తిరిగే పిల్లల్ని చూసేవు. వాళ్ళని చూసి నేనే చెప్పేస్తాను కదమ్మా ఎవరికి జొరమో! దానికి కిట్టెందుకూ?" అన్నారు. "మన బల్ల మీదకొచ్చేవోళ్ళు ఆ రెండు రకాలూ కారు కదా."

నాకు ఒళ్ళు మండింది. డిప్లొమా మనిషికి ఏం తెలుసు అని మనసులో అనుకున్నాను. ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉన్నా, అనుకున్న మాట నిజం.

మర్నాడు మలికిపురం నుంచి కొబ్బరికాయలు వలిచే పనిచేసే అతను జ్వరంతో, భార్యని వెంటబెట్టుకుని వచ్చాడు. అతని రక్తానికి కిట్టులో గీత పడలేదు. టైఫాయిడు లేదని రాసి, పంపించెయ్యబోయాను.

"ఎన్నో రోజు బాబూ?" అన్నారు అత్తయ్య గారు బల్ల మీంచే.

"ఆయ్, ఇయ్యాల్టికి మూడోదండీ. తగ్గినట్టే ఉంటాదండీ, మళ్ళీ పొద్దోయేసరికి కాల్చేత్తాదండీ."

ఆవిడ లేచి వచ్చి, అతని రక్తం సీసాలోకి తీసి కాకినాడ పంపించారు. మూడో రోజున ఫోనొచ్చింది. టైఫాయిడే. డాక్టరు గారు అతన్ని వెంటనే పిలిపించి మందు మొదలుపెట్టారు. నా మాటే చెల్లి ఉంటే అతను మామూలు జ్వరమనుకుని కాయలు వలుచుకుంటూ ఉండేవాడు, పేగుకి చిల్లు పడేదాకా. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు. మర్నాడు అత్తయ్య గారు నాకిష్టమని ఆవ పెట్టిన పనసపొట్టు కూర చేశారు.

తింటుంటే అడిగాను. "అక్కడ అంత బాగా చెప్పిన కిట్టు ఇక్కడెలా తప్పింది అత్తయ్యా?"

"కిట్టు మారలేదమ్మా. బల్ల మీద కూర్చున్నోళ్ళు మారేరు," అన్నారు. "కిట్టు పట్టుకునేది క్రిమిని కాదు, దాని మీద ఒళ్ళు పుట్టించే విరుగుడుని. జొరం ముదిరినోడి రక్తంలో అది దండిగా ఉంటాది. మూడ్రోజుల వోడికి ఇంకా పుట్టనేలేదు. మరది దేన్ని పట్టుకుంటాదీ?"

ఆ వానాకాలమంతా ఇద్దరం కలిసి మళ్ళీ మొదటినుంచీ చేశాం. ఈసారి ఎవర్నీ ఏరుకోలేదు. జ్వరమని బల్ల మీదకొచ్చిన ప్రతివారికీ కిట్టూ వేశాం, కల్చరూ పంపాం. జ్వరం ఎన్నో రోజో ఆవిడ అడిగి చెప్తుంటే నేను రాసుకునేదాన్ని. జ్వరం తొలి రోజుల్లో ఉన్నవాళ్ళని కిట్టు తరచూ వదిలేసింది. డెంగీతో వచ్చిన కొందరికి లేని టైఫాయిడు అంటగట్టింది. నర్సింగు పిల్లలకి వేరే జ్వరమేదీ లేదు కాబట్టి ఆ తప్పు నాకు ముందు కనపడనే లేదు. నా చదువులో ఈ సంగతి లేకపోలేదు, పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. అర్థమైంది మాత్రం ఆ వసారాలోనే. డాక్టరు గారు కల్చరు మానలేదు. కిట్టు చీటీ మీద జ్వరం ఎన్నో రోజో రాయడం అప్పట్నుంచే మొదలుపెట్టాం.

మలికిపురం అతను ఇటు వచ్చినప్పుడల్లా రెండు బొండాలు తెచ్చి బల్ల మీద పెట్టేవాడు. "జొరం లేకండా బల్లెక్కేవేంటయ్యా, లే!" అని అత్తయ్య గారు గదిమేవారు. అతను పళ్ళన్నీ కనపడేలా నవ్వేవాడు. మొన్న కర్మ రోజున కూడా తెచ్చాడు. గదిమేవాళ్ళు లేక కాసేపు నిలబడి, కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయాడు.

ఆవిడ నిండుగా బతికారు, నొప్పి తెలియకుండా వెళ్ళారు. నాకు దిగులుంది గానీ కొరత లేదు. నా తప్పు నా చేతే దిద్దించి, ఆ సంగతి నలుగురిలో ఒక్కసారైనా ఎత్తని మనిషి దగ్గర పని నేర్చుకున్నాను.

నిన్న ల్యాబు మళ్ళీ తెరిచాం. తాళం తీశాక తెల్లకోటు వేసుకోబోయి, మళ్ళీ కొక్కేనికి తగిలించి వసారాలోకి వచ్చాను. బల్ల నిండా జనం. శాలువా కప్పుకున్న ఒక ముసలావిడ, నేనూ చూపించుకోడానికి వచ్చాననుకుని, జరిగి చోటిచ్చింది. ఏడ్చి ఏడ్చి ఉబ్బిన నా కళ్ళు చూసి, కాలుతున్న చెయ్యి తెచ్చి నా నుదుటి మీద పెట్టింది.

"ఎన్నో రోజమ్మా జొరం?" అంది.

నేనడగాల్సిన మాట అది. ఆవిడ చెయ్యి తీసేదాకా కదలకుండా కూర్చున్నాను.