డేగకండ్ల సత్తార్ దాసిన సంగతి

ఆదిలాబాద్‌ల సత్తార్ అనెటోళ్లు శానమంది ఉంటరు. డేగకండ్ల సత్తార్ మాత్రం ఒక్కడే. ఇరవై ఏండ్లు జిన్నింగ్ మిల్లుల కాపలా చేసిండు. వాకిట్ల పత్తి కుప్పలు పడి ఉంటె, ఏ మూలకు ఎంటికంత పొగ లేసినా ముందు ఆయనకే కనబడేది. ఒకపారి భైంసా దిక్కుకెల్లి వస్తున్న లారీని గేటుకాడనే ఆపి, లోపల నిప్పుందని అరిసిండు. డ్రైవర్ నవ్విండు. తాళ్లిప్పి చూస్తె నడుమ పత్తి రాజుకుంటుంది! గా దినం సంది పేరుకు ముందు డేగ వచ్చి కూసుంది. గరీబు మనిషికి గంతకంటె ఇజ్జత్ ఏం కావాలె చెప్పుండ్రి?

మిల్లు మూతబడ్డంక ఊరవతల విమానం నడుపుడు నేర్పే బడి ఒకటి వచ్చింది. మూడు చిన్న విమానాలు, పది పన్నెండు మంది పిల్లలు, అందరి మీద నిర్మలాదేవి మేడం. పెద్ద ఎయిర్‌పోర్టుల లెక్క దారి చెప్పే టవర్ గీడ లేదు. మోటార్లకు సడకుంటది, గాలిల ఏముంటది? ఎవరి కండ్లు వాళ్లకు దిక్కు. మలుపు మలుపుకు మెడ తిప్పి చూడాలె, నేను గిక్కడున్నని రేడియోల చెప్పాలె. ఎంతైనా నేర్చుకునే పిల్లలు. అందుకే మేడం సత్తార్‌ను బడి దాబా మీద కూసోబెట్టి చేతికి రేడియో ఇచ్చింది. దిగేటోళ్లు "చాచా, దారి?" అని అడుగుతరు. ఈయన నాలుగు దిక్కులు చూసి "ఖాళీ" అంటడు, లేకుంటె "ఆగు, ఇంకోటుంది" అంటడు. గదే నౌకరి.

ఆరేండ్లు మంచిగనే నడిసింది. నిరుటి చలికాలం సంది కండ్లకు మసక కమ్మబట్టింది. పెండ్లాం బిస్మిల్లా బీ ఎంటనే పసిగట్టింది.

"అజీ, గిది మోతియాబిందు, కంటికి పొర కమ్మింది. కంటి క్యాంపుకు పోదాం. ఒక్క దినం పని."

"డేగకు కంటి క్యాంపా? ఊరంత నవ్వుతది!" అని ఎగిరిండు సత్తార్. కండ్లు మసకబారినయ్ గని నెత్తి మీదికెల్లి దిగలే. విమానం కనబడకున్నా చప్పుడు పట్టి నెట్టుకొచ్చిండు. ఎవ్వలకు ఎర్క కాలేదనుకుండు.

డిసెంబర్ల ఒక పొద్దున. మంచు ఇంక పూర్తిగ ఇడువలే, ఎండ పల్చగున్నది. ఇచ్చోడ లింగారావు బిడ్డ అలేఖ్య ఒక్కతే విమానం తీస్కపోయి, మైదానం చుట్టు తిరిగి దిగనీకి వస్తుంది. గప్పుడే విక్రాంత్ అనే ఇంకో పిలగాడు దూరంకెల్లి సీదా వస్తుండు.

"చాచా, దారి?" అన్నడు విక్రాంత్.

సత్తార్ చూసిండు. తెల్లటి ఆకాశం, తెల్లటి విమానం. రెండు చప్పుళ్లు కల్సి ఒక్కటే లెక్క వినబడుతున్నయ్. "నాకు కనబడ్తలేదు" అంటె అయిపోతుండె. గా ఒక్క మాటకు నోరు రాలే. బటన్ నొక్కి "ఖాళీ" అన్నడు.

మాటైనంక బటన్ ఇంక ఇడువకముందే అలేఖ్య కూడ తన మలుపు సంగతి చెప్పింది. ఇద్దరు ఒక్కపారే బటన్ నొక్కితె మిగిలినోళ్లకు కీసుమనే చప్పుడే తప్ప మాట వినబడది. సత్తార్ బటన్ ఇడిసిండో లేదో, అలేఖ్య మాట కొస చెవుల పడ్డది: "...తిరుగుతున్న." ఇంకో విమానం ఉన్నదని సత్తార్‌కు గప్పుడు సమజయింది.

పైకెల్లి దిగే విక్రాంత్‌కు విమానం ముక్కు అడ్డం. కిందున్న అలేఖ్యకు నెత్తి మీద రెక్క అడ్డం. ఒకరి మీద ఒకరు దిగుతుండ్రు. అల్లా దయ, విక్రాంత్ కింద పత్తి చేను దిక్కు చూసిండు. తన నీడ పక్కన ఇంకో నీడ ఉరుకుతుంది. గుంజి పైకి లేపిండు. రెండిటి నడుమ ఇంటి ఎత్తు జాగ కూడ లేకుండె.

కిందికి దిగినంక మేడం అందరిని నిలబెట్టింది. "అలేఖ్యా, మలుపు కాడ చెప్పినవా?"

"చెప్పిన మేడం."

"విక్రాంత్?"

"కీసుమన్నది మేడం. చాచా ఖాళీ అన్నది విన్న, అలేఖ్య మాటైతె సమజ్ కాలే."

"సత్తార్ భాయ్, మీరు విన్నరా?"

తేలు కుట్టిన దొంగ లెక్క నిలబడ్డడు సత్తార్. "నాకేం వినబడలే మేడం" అన్నడు. అలేఖ్య ఆయన దిక్కు చూసింది. మొఖం మసకగ కనబడ్డది. గదే మేలనుకుండు. ఛీ, ఎంత నీచం!

చెప్పకుంట తిరిగింది, మీదికెల్లి అబద్ధమాడిందని అలేఖ్య మీద మాట పడ్డది. రేపు బాపు వచ్చి తీస్కపోతడు, ఇంక విమానం ముచ్చట లేదు. పొద్దుగూకంగ గా పిల్ల దాబా మీదికొచ్చింది. "పోయొస్త చాచా. మెట్లు దిగేటప్పుడు జర గోడ పట్టుకోండ్రి" అన్నది. గా మాట ఎందుకన్నదో సత్తార్‌కు సమజ్ కాలే.

ఇంట్ల బువ్వ ముంగట మింగలేక కక్కలేక కూసున్నడు. ఆఖరికి పెండ్లానికి చెప్పిండు. బిస్మిల్లా బీ తిట్టలే. "కండ్లకు క్యాంపున్నది. గా పిల్ల మీద పడ్డ మాటకు ఏ క్యాంపున్నది?" అన్నది. తిట్టినా బాగుండు.

తెల్లారి లింగారావు రాంగనే సత్తార్ అందరి నడుమకు పోయిండు.

"ఏడాది సంది నాకు కండ్లు సక్కగ కనబడ్తలెవ్వు. ఖాళీ అన్నది చూసి కాదు. బిడ్డ చెప్పింది, నేనే విన్న. నిన్న అబద్ధమాడిన."

లొల్లి అయితదనుకుండు. ఒక్కలు కూడ ఉలిక్కిపడలే. విక్రాంత్ నేల చూపులు చూస్తుండు.

చాయ్ కాసే భూమవ్వ మెల్లగన్నది: "నాకు ఎర్కే సత్తారన్నా. గందుకే గ్లాసు నీ చేతిల పెట్టి వేళ్లు మూసేదాన్ని."

"రిజిస్టర్ల మీరు గీత మీద గీత రాస్తె నేనే మళ్ల రాసిన చాచా" అన్నడు మెకానిక్ నదీమ్.

సత్తార్ అలేఖ్య దిక్కు తిరిగిండు. "నీక్కూడనా బిడ్డా? మరి చెప్పకపోతివి!"

"పెద్దమనిషి... బాధపడ్తరని."

ఆఖరికి మేడం కూడ నోరిప్పింది. "నాకూ అనుమానముండె. అడుగుదామనుకున్న. నోరు రాలే."

పిల్లి కండ్లు మూసుకొని పాలు తాగినట్టు, ఏడాది పొడుగూత తాగిండు సత్తార్. తల కొట్టేసినట్టయింది.

లింగారావు లేసి నిలబడ్డడు. "గింతమందికి ఎర్కనా? ఎర్కుండే నా బిడ్డను మీదికి పంపిండ్రా?"

లింగారావు బిడ్డ మొఖం చూసిండు, ఆమె తలవంచుకుంది. "ఉంటె ఉండు. ఇంక ఎవ్వల మొఖం చూసి నోరు మూసుకోకు" అని ఒక్కడే మోటారెక్కి పోయిండు. సత్తార్ రేడియో మేడం బల్ల మీద పెట్టి, గోడ పట్టుకుంట బయటికి నడిసిండు.

వారానికి కంటి ఆపరేషన్ అయింది. పట్టీ ఇప్పినంక అలేఖ్య సంత్ర పండ్లు పట్టుకొని చూడనీకి వచ్చింది.

"చాచా, ఇప్పుడు కనబడుతున్ననా?"

ఏడాది తర్వాత గా మొఖం సాఫ్‌గ కనబడ్డది. కంటి కింద చిన్న పుట్టుమచ్చ కూడ ఉన్నది. "కనబడుతున్నవ్ బిడ్డా" అని సత్తార్ కండ్లు దించుకుండు.