మిషన్ పక్కన మీటింగు

ఆ ఫ్యాక్టరీలో సూపర్‌వైజరమ్మను అందరూ అక్కా అనే పిలుస్తారు. మీటింగుల్లో గొంతున్నవాడిదే రాజ్యమైనా ఆమె అరవదు. చేతుల గ్రీజు తుడుచుకుంటూ అందరి ముఖాలూ చూస్తుంది. మేనేజరుకు రెండు ముక్కల్లో తేల్చి చెప్పేస్తుంది, అలిగిన పనివాళ్లను వేళాకోళంతో దారికి తెస్తుంది. మొన్న, అడక్కుండా మిషన్ ఆపాడని ఒక ఆపరేటరును పనిలోంచి తీసేయబోయారు. ఆఫీసు గదిలో అతనికి నోరు పెగల్లేదు.

"బెల్లం కొట్టిన రాయిలా నిలబడతావేమయ్యా?" అన్నాడు మేనేజరు.

"మావాడికి ఏసీలో మాట గడ్డకడుతుంది సార్. మిషన్ దగ్గరికి వెళ్దాం రండి," అందామె.

అక్కడ చక్రం చేత్తో తిప్పుతూ, ఎక్కడ పట్టేస్తోందో, ఇంకాసేపు నడిపితే ఏది విరిగి ఎవరి మీద పడేదో అతను గడగడా చెప్పాడు. ఆమె పక్కకు తప్పుకుంది. మేనేజరు చేతిలోని, అతన్ని పనిలోంచి తీసేసే కాగితం మడిచి జేబులో పెట్టుకుని, చక్రం మీదికి వంగాడు.

"ఇంకోసారి తిప్పి చూపించు బాబూ."