ఊయలపాకలో కుట్టుమిషన్లు

రేపల్లెలో పంతులమ్మగా చేసి రిటైరైన జ్ఞానమ్మ, 1984లో పిట్టలవానిపాలెం దగ్గర చెల్లెలి ఊరికి వచ్చి స్థిరపడింది. ఆ ఏడాది నాట్ల రోజుల్లో, గట్టు మీద పడుకోబెట్టిన పసిబిడ్డ ఒకడు దొర్లి కాలువలో పడ్డాడు. పక్క చేలో మనిషి చూసి తీశాడు గనక బతికాడు. మరునాడు వాడి తల్లి పుల్లమ్మ మళ్లీ అదే గట్టు మీద పడుకోబెట్టింది.

"ఇంకెక్కడ పడుకోబెట్టమంటారు టీచరమ్మా?" అని అడిగింది.

 జ్ఞానమ్మ చేల పక్కనే ఒక పాక వేయించింది.

పాకలో చీరలతో ఊయలలు కట్టి, ఆడకూలీల ముఠా చేలో ఉన్నంతసేపూ వాళ్ల పిల్లల్ని చూసుకునేది. తెనాలిలో గుమాస్తాగా ఉన్న ఆమె మేనల్లుడు దేవసహాయం దాన్ని సంఘంగా రిజిస్టరు చేయించాడు. అతనికి ఇంగ్లీషులో దరఖాస్తు రాయడం వచ్చు. హైదరాబాదులో నిధులిచ్చే సంస్థ ఒకటి ఉందనీ తెలుసు.

ఆ సంస్థ మొదట చెట్ల పెంపకానికి డబ్బిస్తోంది. దేవసహాయం ఊయలల సంగతి ఒక్క వాక్యంలో ముగించి, మిగతా దరఖాస్తంతా సుబాబుల్ మొక్కల గురించి రాశాడు. మొక్కలొచ్చాయి. మేకలు తిన్నాయి. మేకలవాళ్లు సంఘాన్ని మెచ్చుకున్నారు. తర్వాత పొగరాని పొయ్యిలొచ్చాయి. ఒకదాని మీద పిల్లల గంజి బాగానే కాగింది. 1991లో మహిళల ఉపాధి కోసమని కుట్టుమిషన్లు వచ్చి పాకంతా నిండిపోయింది. ఊయలలు బయట చూరు కిందికి వెళ్లాయి.

"మిషన్లు లోపల, పిల్లలు జల్లులోనా?" అంది జ్ఞానమ్మ.

"తనిఖీ అయ్యేదాకా ఓర్చుకో అత్తయ్యా."

తనిఖీ సరిగ్గా నాట్ల రోజుల్లో పడింది. దేవసహాయం ముందురోజే వచ్చి, రేపు ముఠాని పని మానిపించి మిషన్ల ముందు కూర్చోబెట్టమన్నాడు.

"వాళ్ల కూలి పోదా?"

"సంఘం కోసం ఒక్క రోజు!"

"సంఘం ఎవరి కోసంరా?"

దేవసహాయం కాస్త ఆలోచించి, దరఖాస్తులో ఆ ప్రశ్న లేదన్నాడు.

అతను వెళ్లాక జ్ఞానమ్మకి భయం వేసింది. డబ్బు ఆగిపోతే గంజికి బియ్యం ఎలా అనుకుంది. అయినా చెల్లెల్ని పిలిచి, ఇద్దరూ మిషన్లను ఒక మూలకి నెట్టి, ఊయలలు లోపల కట్టారు.

తనిఖీకి సంస్థ నుంచి పాండురంగారావు అనే అధికారి వచ్చాడు.

"మహిళలేరండి?"

"చేలో ఉన్నారండి. మెల్లగా మాట్లాడండి, పిల్లలు ఇప్పుడే పడుకున్నారు."

ఆయన తనిఖీ అంతా గుసగుసగానే చేశాడు. చివరికి, "మీ లక్ష్యం ఏంటండి అసలు?" అన్నాడు.

"పిల్లలు కాలువలో పడకుండా ఉండటం అండి."

"ఎవరైనా పడ్డారా?"

"పాక వేశాక లేదండి."

అది రాసుకోవడానికి ఆయన ఫారంలో గడి లేదు. నెల తిరక్కుండా డబ్బు ఆగింది, మిషన్లు తెనాలికి వెళ్లిపోయాయి. దేవసహాయం అక్కడ వేరే సంఘం పెట్టుకున్నాడు. అది బాగానే నడిచింది.

ఇక్కడ పుల్లమ్మ ఒక ఏర్పాటు చెప్పింది. రోజుకొకరు పాకలో జ్ఞానమ్మకి సాయం ఉండాలి, ఆ రోజు ఆగినామె కూలి మిగతావాళ్లు పంచుకు ఇవ్వాలి, తలా గుప్పెడు బియ్యం తేవాలి. మొదట్లో బాగా పోట్లాడుకున్నారు. తర్వాత అలవాటైంది.

1996లో ఆ సంస్థే శిశుసంరక్షణకి నిధులు ప్రకటించింది. దేవసహాయం పరుగెత్తుకొచ్చాడు.

"ఈసారి మన పనే అత్తయ్యా! ఏం రాయమంటావ్?"

"పైకప్పు కారుతోంది. అది రాయి."

"ఇంకా?"

"అంతే."

పెంకులొచ్చాయి. మరుసటి ఏడు సంస్థ మంచినీటి పథకాలకి మారింది. దేవసహాయం ఆ కబురు మోసుకుని వచ్చాడు. జ్ఞానమ్మ అతనికి చెంబుతో మంచినీళ్లిచ్చి, తెనాలి బస్సుకి టైమైందని చెప్పింది.