లేవని పిల్ల బొమ్మ ముందు

మా పాప గుండెకి ఆపరేషన్ జరుగుతున్న ఉదయం నేను కుదురుగా కూర్చోలేకపోయాను. ఆసుపత్రి వరండాలో నేను అటూ ఇటూ తిరుగుతుంటే ఎదురుగా కూర్చున్నవాళ్ళ తలలు కూడా నాతోపాటే తిరిగాయి. చివరికి మా ఆయన విసుక్కున్నాడు.

"నువ్విలా తిరుగుతుంటే నాకు కాలూ చెయ్యీ ఆడట్లేదు. అత్తయ్యగార్ని తీసుకుని కాసేపు బయటికెళ్ళు. అవగానే ఫోన్ చేస్తాను."

జర్మనీలో మేముండే హానోవర్ అంతా ముసురు. పాప ఆపరేషన్ కోసమే భీమవరం నుంచి వచ్చిన అమ్మ, చీర మీద నా జాకెట్ తొడుక్కుని ముందు నడుస్తోంది. వీధి చివర పాత లూథరన్ చర్చి కనబడగానే నన్నడక్కుండానే లోపలికి వెళ్ళిపోయింది. మేమూ లూథరన్లమే. కాకపోతే మా ఊరి చర్చి గోడకి వాక్యం రాసిన క్యాలెండర్ తప్ప ఇంకేమీ ఉండదు. ఇక్కడ బలిపీఠం పక్కన గోడనంతా ఆక్రమించి ఒక పెద్ద తైలవర్ణ చిత్రం ఉంది. మూడొందల ఏళ్ళ కిందటి బరోక్ కాలం నాటిదని కింద రాసి ఉంది.

చనిపోయిన చిన్నపిల్ల చేతిని యేసు పట్టుకున్న ఘట్టం. సండే స్కూల్లో అందరం నేర్చుకున్న కథే. చుట్టూ చీకటి. ఒక పక్కనుంచి పడుతున్న వెలుగులో పిల్ల ముఖం పాలిపోయి ఉంది. పెదాలు నీలం. పరిగెత్తి ఆయాసపడినప్పుడు మా పాప పెదాలకొచ్చే నీలమే అది.

"ఆ పిల్ల లేచిందిగా," అంది అమ్మ.

"ఈ బొమ్మలో లేవలేదమ్మా."

ఆ చిత్రకారుడి మీద నాకు ఒళ్ళు మండింది. దుప్పటి మడతలకీ, ఏడ్చే ఆడవాళ్ళ ముసుగులకీ అంత రంగు పోసినవాడు, పిల్లకి ఒక్క కన్ను తెరిపిస్తే వాడి సొమ్మేం పోయింది?

అమ్మ కొంగు తలమీద కప్పుకుని మోకాళ్ళ మీద పడింది. ఊళ్ళో ఉపవాస కూటంలో చేసినట్టే చేతులు పైకెత్తి, గొంతెత్తి ప్రార్థన మొదలుపెట్టింది. "ప్రభువా, నా మనవరాల్ని నాకియ్యి నాయనా!" మా వైపు దేవుడికి వినబడాలంటే ముందు వీధికి వినబడాలి. మెల్లగా అమ్మా అంటే ఇంకాస్త పెంచింది.

చర్చి చూసుకునే పెద్దావిడ పరుగున వచ్చింది. గుండె బాదుకుంటున్న అమ్మని చూసి, ఏమైందని నన్నడిగింది.

"నా కూతురు... ఆసుపత్రిలో..." ఆ క్షణాన అంతకు మించి నాకు జర్మన్ రాలేదు.

ఆవిడ నా చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుని, "మైన్ బైలైడ్," అంది. ఇక్కడ చావింట్లో చెప్పే మాట.

"చచ్చిపోలేదు!" ఆవిడ మీద జర్మన్‌లో విరుచుకుపడ్డాను. "బతికే ఉంది నా కూతురు! విన్నారా?"

అది నాకూ తెలియదు. తెలిసినట్టే అరిచాను. పాపం, ఆవిడ బిత్తరపోయి వెనక్కి జరిగింది.

అప్పుడే ఫోన్ మోగింది. ఎత్తగానే అవతల మా ఆయన ఏడుపు. నా పైప్రాణాలు పైనే పోయాయి.

"లేచిందే," అన్నాడు ఏడుస్తూనే. "బానే ఉందన్నారు. నువ్వేదని అడుగుతోంది."

నేను అక్కడే నేల మీద కూలబడి అమ్మకంటే పెద్దగా ఏడ్చాను. తాను అనుకున్నంతా అయిందనుకుని ఆ పెద్దావిడ నా పక్కనే కూర్చుని, వీపు నిమురుతూ తానూ ఏడవసాగింది. కాదని చెబుదామంటే నా నోట్లోంచి ఒక్క జర్మన్ ముక్కా రావడం లేదు. అమ్మే ఆవిడ తడి చెంపలు రెండు చేతుల్తో పట్టుకుని, కూరగాయల కొట్లో బాగున్నాయని చెప్పడానికి నేర్చుకున్న ఒకే ఒక్క మాట మళ్ళీ మళ్ళీ అంది.

"గూట్... గూట్... గూట్."