చచ్చి లేచే మావయ్య

మా మావయ్య అనకాపల్లి బెల్లం మార్కెట్లో పగలు దిమ్మలు తూయించేవాడు, రాత్రి నాటకాల్లో రాజుగా చచ్చిపోయేవాడు. చావడంలో ఆయనకు మంచి పేరుంది. కత్తి దిగాక కూడా పద్యం పూర్తిచేసేవాడు. జనం "వన్స్ మోర్" అంటే లేచి, కిరీటం సర్దుకుని, నమస్కారం పెట్టి, మళ్లీ మొదటి నుంచి పాడి పడిపోయేవాడు. చీడికాడలో అయితే ఎంతకీ చావనివ్వలేదు. చంపినవాడు వెళ్లి టీ తాగొచ్చాడు. ఆదివారం చర్చిలో ఆయన కీర్తన అందుకుంటే పాస్టరుగారు గడియారం చూసుకునేవారు.

ఇంత చచ్చినా ఆయనకు తృప్తి లేదు. తన ముఖం అనకాపల్లిలో సినిమా తెరమీద పడాలి. ఇంకే కోరికా లేదనేవాడు. ఉండేవేమో గాని, అత్తయ్యకు చెప్పేవి కావు.

నేను ఇంటర్ చదివేటప్పుడు తుమ్మపాల దగ్గర చెరుకుతోటలో షూటింగ్ జరిగింది. మావయ్యకు గ్రామపెద్ద వేషం ఇచ్చారు. ఒక డైలాగు, ఆ వెంటనే పొట్టలో కత్తి. మార్కెట్ మార్కెట్టంతా వచ్చి గట్టుమీద నిలబడింది. మావయ్య డైలాగు చెప్పి అందంగా పడ్డాడు. కెమెరా మెల్లగా ఆయన ముఖం దగ్గరికి వస్తోంది.

"వన్స్ మోర్, మావా!" అని గట్టుమీంచి ఎవరో అరిచారు.

మావయ్య లేచాడు. పంచె దులుపుకుని గట్టుకు నమస్కారం పెట్టాడు.

"కట్! చచ్చినవాళ్లు లేస్తారా అండీ?" అన్నాడు డైరెక్టరు.

"జనం అడిగేరు కదండీ. అడిగితే లెగాలి."

రెండోసారీ గట్టు అడిగింది, ఈయన లేచాడు. "ముఖం వద్దు, కాళ్లు తియ్యండి," అన్నాడు డైరెక్టరు.

సినిమా వచ్చాక అందరం వెళ్లి బాల్కనీ చివరి వరసలో కూర్చున్నాం. డైలాగు తీసేశారు. తెరమీద చెరుకు, రక్తం, రెండు పాదాలు.

"అయి మీ కాళ్లేనని ఎలా తెలుత్తాది?" అంది అత్తయ్య.

"బొటనేలు సూడు."

బెల్లం దిమ్మ పడి నల్లబడ్డ గోరు. తెరమీద కుండంత ఉంది. మార్కెట్ వాళ్లు దాన్ని గుర్తుపట్టేశారు.

"వన్స్ మోర్!"

తెరమీది పాదాలు కదల్లేదు. మావయ్య మాత్రం సీట్లోంచి లేచి, చొక్కా సర్దుకుని, నమస్కారం పెట్టాడు. ప్రొజెక్టరు వెలుగుకు అడ్డం పడ్డాడు. అప్పుడే తెరమీదికి వచ్చిన హీరో ముఖంమీద మావయ్య తల నీడ నిండుగా పరుచుకుంది.

"ఎవడ్రా అది, కూకో!" అని కింద నుంచి కేక.

అత్తయ్య చొక్కా పట్టి లాగితే కూర్చున్నాడు.

"సూసేవా?" అన్నాడు.

"సూసేను," అంది అత్తయ్య. "సెవులు మీయే."