గంగాబాయి రుచి చూడని వంట

నిన్న మా కోడలు వంటింట్లో చేపల డబ్బా మూత లాగింది. ఆ నూనె వాసన ముందుగదిలో కూర్చున్న నా ముక్కుకు తగిలేసరికి చేతిలోని పేపరు మడిచి పక్కన పెట్టాను. పొయ్యి మీద పాస్తా ఉడుకుతోంది. "కొత్త వంట మామా, టీవీల చూసి నేర్చుకున్న. ఖర్చు తక్కువ, పావుగంట పని" అన్నది. నాకు నవ్వొచ్చింది. ఆమె పుట్టకముందే, ఆసిఫాబాద్ అవతల అడవిలో, మోదుగాకు విస్తరిలో నేనా వంట తిన్నాను. పాస్తా బదులు సేమియా, అంతే తేడా. వండింది గంగాబాయి.

మాది హుస్నాబాద్. నాలుగో తరగతిలో పంతులును అనుకరించి పిల్లల్ని నవ్విస్తూ, వెనకే నిలబడ్డ పంతులును చూసుకోక, బడి నుంచి శాశ్వతంగా బయటపడ్డవాణ్ణి. ఇరవై రెండేళ్లకు, కొత్తగా ఆంధ్రప్రదేశ్ అయిన రోజుల్లో, వాగు మీద వంతెన కట్టే క్యాంపులో కూలికి చేరాను. ముప్పై మందిమి. వంట గంగాబాయిది. మహారాష్ట్ర సరిహద్దు మనిషి. సికింద్రాబాద్‌లో మిలిటరీ వాళ్లకు వండిన భర్త చనిపోయాక ఆయన గరిటె ఆమె చేతికి వచ్చింది. మెడలో పండరి తులసి మాల. ఆ మాల వేసుకున్నవాళ్లు నీసు తినరు. ఆమె కడిగేది, కోసేది, వండేది. నాలుక మీద మాత్రం పెట్టేది కాదు. ఉప్పు కూడా చూసేది కాదు. గిన్నె మీదికి వంగి ఆవిరి పీల్చి, చెవి వంచి ఉడికే చప్పుడు విని, "చాలు" అని దించేది. నిజంగానే సరిపోయేది.

"బాయీ, కూరతోటి ముచ్చట వెడుతున్నవా? ఏమంటుందది?" అని నేను ఆటపట్టించేవాణ్ణి.

"లచ్చయ్య నోరు మూస్తెనే ఉడుకుత అంటున్నది" అనేది.

ఒకసారి గుత్తేదారు మిలిటరీ వేలంలో చవకగా కొన్న చేపల డబ్బాలు రెండు పెట్టెలు, సేమియా ఒక బస్తా పంపాడు. డబ్బాల మీది కాగితాలు తడికి ఊడిపోయి అన్నీ బోడిగా ఉన్నాయి. నేనొకటి ఉలితో కోశాను. లోపల నూనె. తుప్పు పట్టకుండా పోసిన మిషన్ నూనె అనుకొని, ఎంతో తెలివిగా, కిర్రుమంటున్న బండి ఇరుసుకు పోశాను. ఆ సాయంత్రం బండి వెనుక ఊరి పిల్లులన్నీ ఊరేగింపుగా వచ్చాయి. భర్త మిలిటరీ వంటలో ఆ డబ్బాలు చూసిన గంగాబాయి పొట్ట పట్టుకొని నవ్వింది. "అరే దేవా! రుచంత గా నూనెలనే ఉంటది బిడ్డా. బండికి తినిపిచ్చినవ్!"

నవ్వించడం నా పని, నవ్వులపాలు కావడం కాదు. రోషం వచ్చింది. డబ్బాలోని ముక్కను వేళ్లతో ఎత్తి అందరికీ చూపించాను. "తలకాయ లేదు, పొలుసు లేదు, గిది చేపనా? పాముపిల్లను గోసి పెట్టిండ్రు!" క్యాంపంతా పగలబడి నవ్వింది. నేను మురిసిపోయాను.

వారం తిరక్కుండా ముసురు పట్టింది. వాగు పొంగి దారి తెగింది. బియ్యం బండి రాలేదు, ఉన్న బియ్యం అయిపోయాయి. కట్టెలు తడిసి పొగే తప్ప మంట లేదు. అప్పుడు గంగాబాయి డబ్బాలు బయటికి తీసింది. సేమియా అయితే నాలుగు పుల్లల మంటకు ఉడుకుతుంది. పెద్ద గిన్నెలో సేమియా దోరగా వేయించి తీసింది. డబ్బాల నూనెలోనే ఉల్లిగడ్డ, ఎల్లిపాయ, కారం వేసి, చింతపులుసు పోసి, అది మరిగాక సేమియా వేసింది. చివరన చేపలు పైన పరిచి, మూతపెట్టి దించింది. "డబ్బల్నే ఉడికి వచ్చింది. మల్ల దాన్ని సతాయించొద్దు" అన్నది.

ఒక్కరూ తినలేదు. సేమియా అంటే పండుగపూట పాలు, చక్కెర వేసుకొని తినేది. అందులో పులుసా? ఆపైన పామా? "లచ్చయ్య జెప్పిండు గద" అంటూ ఎవరి విస్తరి వాళ్లు వెనక్కి జరిపారు. "పరాచికమాడిన" అన్నాను. అది కూడా పరాచికమే అనుకున్నారు. ఒక్కణ్ణే తింటే నవ్వుతారని నేనూ విస్తరి ముట్టలేదు.

మరునాడు పొద్దునకు ఆకలి ముదిరింది. ఎనిమిది మంది చేతులు పట్టుకొని, వాగు దాటి అవతలి ఊరికి పోతామని బయలుదేరారు. అందరికంటే ముందు మాతో కూలి చేసే రాజవ్వ, చంకలో ఏడాది పిల్ల. వాగు నడుమ టేకు దుంగలు పుల్లల్లా కొట్టుకుపోతున్నాయి. మేస్త్రీ అరిచినా ఎవరూ ఆగలేదు.

గంగాబాయి అప్పుడే దించిన గిన్నెను నా నెత్తిన పెట్టి ఒడ్డుకు నడిచింది. తిట్టలేదు. తిట్టి ఉంటే నాకేదో ఒక జవాబు దొరికేది. "నేను తిని సూపెట్టలేను బిడ్డా, మెడల మాలున్నది. నీ నోరు గావాలె" అన్నది, అంతే.

ఒడ్డున నిలబడి ఒక డబ్బా తెరిచి, చేపను అరచేతిలో పెట్టుకొని బొటనవేలితో చీల్చింది. సన్నని వెన్నుముల్లు, చివరన విచ్చుకున్న తోక. "పాముకు గిట్లాంటి తోకుంటదా? సూడున్రి."

మోకాలి లోతు నీళ్లలో రాజవ్వ ఆగింది. "నువ్వు తినవు గద బాయీ! నీకేమెరుక?"

అందరి కళ్లూ నా మీదికి తిరిగాయి. "నేను తింట" అన్నాను. "పామన్నది అబద్ధం. నూనె తెల్వక బండికి వోసిన. బాయి నవ్వితె ఇజ్జత్ పోయిందని గట్లన్న." ఎవరూ నవ్వకుండా నేనన్ని మాటలు మాట్లాడడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు.

ముద్ద నోట్లో పెట్టుకున్నాను. పులుపు వెనక కారం, కారం వెనక చేప కమ్మదనం. ఉప్పు ఒక్క రవ్వ ఎక్కువ లేదు, తక్కువ లేదు. బతుకులో ఒక్కసారీ చేప రుచి ఎరగని మనిషి వండిన వంట అది! చూస్తున్నవాళ్లను మరిచిపోయి మళ్లీ గిన్నెలో చెయ్యి పెట్టాను. మొదటి ముద్ద ఎవరికో చూపించడానికి తినవచ్చు. రెండోది అట్లా తినలేం. ఆ రెండో ముద్దను చూసే రాజవ్వ నీళ్లలోంచి వెనక్కి వచ్చింది. "జర పిల్లకు కారం లేంది పెట్టు బాయీ" అని విస్తరి పట్టింది. మిగతావాళ్లూ ఆమె వెంటే వచ్చారు.

గంగాబాయి దూరంగా రాయి మీద కూర్చొని గుప్పెడు పుట్నాలు నములుతూ, మేం తినే చప్పుడు విన్నది. గిన్నె మీదికి వంగినప్పటి లాగే, చెవి కొంచెం వంచి. మూడో రోజుకు వాగు తగ్గింది. ముప్పై మందిమీ నడిచే దాటాం.

కోడలు పళ్లెం తెచ్చి ముందు పెట్టింది. "ఎట్లున్నది మామా?" ఆ పాస్తా గొట్టాలను చూడగానే నాలుక చివర ఒక ఎగతాళి తయారైంది. బాగానే పేలేది కూడా. మింగేశాను. మొదటి ముద్ద తిన్నాను. రెండో ముద్దకు చెయ్యి పెట్టాను.