చెంచాడు తోడు

ఎడారి దేశానికి బతకపోయి, రుసైల్‌లోని పాల ఫ్యాక్టరీ ల్యాబ్‌లో మైక్రోస్కోప్ ముందు కూర్చున్న రాజలింగును పలకరించాలంటే అందరికీ జంకే. ఒక కన్ను మూసి, కింది పెదవి కొరుక్కుంటూ చూస్తాడు. ఎవరి నీడ పడినా మోచేత్తో తోసేస్తాడు. బ్యాక్టీరియా గురించి అడిగితే మాత్రం బీఎస్సీ చదివిన గర్వం ఆగదు. ఆ పొద్దున నేల తుడుస్తున్న రూమ్మేట్ ఖమరుద్దీన్ అడిగాడు: "పెరుగులో ఇన్ని పురుగులు ఎట్ల పుడతాయి రాజన్నా?"

"పురుగులు కాదు, మొద్దూ! ఒక్కటే రెండైతది. ముందుగాల లోపలి క్రోమోజోముకు నకలు తీస్తది. ఒకటి ఈ కొసకు, ఒకటి ఆ కొసకు జరుపుతది. గప్పుడే నడుమ గోడ కడ్తది. ఏ పిల్లకూ ఇసుమంత తక్కువ కాదు."

రాజలింగు పెరుగు గిన్నె రూమ్‌లో ఎవరూ ముట్టరు. మూతకు గుడ్డ కట్టి, మూడు ముళ్లు వేస్తాడు. ఆ సాయంత్రం ఖమరుద్దీన్ కాచిన పాలతో వచ్చాడు.

"నా పెరుగు చెడిపోయిందన్నా. చెంచాడు తోడు ఇయ్యి."

"నీకిస్తే నాది తగ్గుతది."

"ఎవరికీ తక్కువ కాదని పొద్దున నువ్వే చెప్తివి కదన్నా?"

మంచాల మీద నుంచి నవ్వులు వినిపించాయి. రాజలింగు మెడ నరాలు ఉబ్బాయి. ముళ్లు విప్పి, పెరుగంతా సింకులో గుమ్మరించి, నల్లా పూర్తిగా తిప్పాడు. "ఇగ అడుగు!" అన్నాడు.

తర్వాత గిన్నె తోమి, తుడిచి, ఖాళీ గిన్నెకే మూత పెట్టి, గుడ్డ కట్టి, మూడు ముళ్లూ వేశాడు.